ఉద్దాల కింద వంగిన తలలు

(గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా మహబూబ్‌నగర్‌లో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలకు, ముందు వరుసలోని ఉపాధ్యాయ మిత్రులకు, వెనక ఫోన్లు చూసుకుంటున్న విద్యార్థులకు నమస్కారం. పేరుపేరునా చెప్పడం మొదలుపెడితే నాకిచ్చిన సమయం అక్కడికే చెల్లిపోతుంది. శాలువా వద్దన్నాను, విన్నారు, సంతోషం.

ఆహ్వానపత్రికలో నా అంశం 'పుస్తక పఠనం - వ్యక్తిత్వ వికాసం' అని వేశారు. నాలుగు పేజీలు రాసుకొచ్చాను కూడా. కానీ పొద్దున దేవరకద్ర దగ్గర కురుమూర్తి జాతర జనం బస్సెక్కారు. అందులో ఒక ముసలాయన కొత్త చెప్పులు విప్పి చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. ఎందుకని అడిగితే, కరుస్తున్నాయన్నాడు. ఆ నాలుగు పేజీలు ఇక నాకు పనికిరాలేదు.

మా నాయన చెప్పులు కుట్టేవాడు. తోలు నానబెట్టే తొట్టి లందలో తంగెడు చెక్క వేసి తోలు ఊనడం దగ్గర నుంచి ఆరెతో ఆఖరి కుట్టు వేసే దాకా అంతా ఆయన చేతి పనే. ఊరందరి కాళ్లకూ ఆయన కుట్టిన చెప్పులే. పటేలు ఇంటి ముందు నుంచి వెళ్లేటప్పుడు మాత్రం తన చెప్పులు విప్పి చేతిలో పట్టుకునేవాడు. కరిచి కాదు.

కురుమూర్తి ఉద్దాల గురించి ఈ జిల్లా వాళ్లకు నేను చెప్పాలా? అయినా చెబుతాను, వెనక పిల్లలకు తెలియకపోవచ్చు. ఉద్దాలంటే స్వామి పాదుకలు. వడ్డెమాన్‌లో మా వాళ్లే ఉపవాసాలుండి తోలుతో కుడతారు. కార్తీకంలో వాటిని ఊరేగింపుగా కొండకు తెస్తారు. ఉద్దాల మండపంలో పూజారులూ మా వాళ్లే. వచ్చిన భక్తుల తల మీద ఆ పాదుకలు తాకిస్తారు. పాపాలు పోతాయని నమ్మకం.

1970లో నాకు పన్నెండేళ్లు. నాయన నన్ను భుజం పట్టుకుని వరుసలో నిలబెట్టాడు. మా ముందు మా పటేలు. తలపాగా తీసి చంకలో పెట్టుకుని వంగాడు. తోలు ఆయన తలను తాకింది, చప్పుడు కూడా విన్నాను. తిరిగి నడిచివస్తూ నాయన దారి పొడవునా తనలో తాను నవ్వుకున్నాడు. ఆయన నడుము అంత నిటారుగా ఉండగా నేను మళ్లీ చూడలేదు.

వారం తిరక్కుండానే పటేలు ఇంటి ముందు మళ్లీ చెప్పులు చేతికొచ్చాయి. ఇదేమిటి నాయనా అన్నాను. "అక్కడ దేవుడున్నాడు, ఇక్కడ పటేలున్నాడు" అన్నాడు.

ఆ దేవుడు కొండ దిగి మా ఊరి దాకా రాలేడా? ఆ ప్రశ్నే నన్ను గ్రంథాలయానికి తీసుకెళ్లింది. అంబేడ్కర్ 1935లో యేవలాలో, హిందువుగా పుట్టాను గాని హిందువుగా చావను అన్నారని చదివాను. ఆ మాట తరువాత ఇరవయ్యొక్క ఏళ్లు ఆగి, 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బౌద్ధం తీసుకున్నారు. నేను అన్నేళ్లు ఆగలేదు, ఏ మతమూ తీసుకోలేదు. వదిలేశాను, అంతే. స్వేచ్ఛ వస్తుందనుకుంటే ముందు భయం వచ్చింది. మా అబ్బాయికి జ్వరం మూడో రోజుకూ తగ్గకపోతే నా భార్య ముడుపు కట్టింది. నేను చూశాను. విప్పమనలేదు.

వెనక ఉన్న బాబూ, ఆ ఫోను కాసేపు పక్కన పెట్టు. ఇది పరీక్షలో రాదు, జీవితంలో వస్తుంది.

మా అక్క దారి వేరు. తాగివచ్చి కొట్టే మొగుడిని వదిలి పుట్టింటికి వచ్చాక చర్చికి వెళ్లడం మొదలుపెట్టింది. మన జిల్లాలో మెన్నొనైట్ బ్రెదరన్ మిషన్ చర్చిలు మీకు తెలిసినవే. నలుగురు మగవాళ్లున్న చోట నోరెత్తని మనిషి, అక్కడ లేచి నిలబడి గొంతెత్తి ప్రార్థన చేసింది. ముప్పయ్యేళ్లు దాటాక బైబిలు కోసం అక్షరాలు దిద్దుకుంది. నేను చదివి దేవుణ్ణి వదిలాను. దేవుడి కోసం ఆమె చదువు నేర్చింది. వ్యక్తిత్వ వికాసం అడిగారు కదా, ఇదిగో!

ఇక నా కడుపుమంట. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు హిందువులకే ఆ హోదా అంది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. చర్చికి వెళ్లిన మా వాళ్లు వెనుకబడిన తరగతుల్లో బీసీ-సి, రిజర్వేషన్లో వాటా ఒక్క శాతం. మా అక్క కూతురి కుల ధ్రువపత్రం కోసం ఒక కార్యాలయం నుంచి విచారణకు వస్తే, ఇంట్లో ఏ దేవుడి పటం ఉందో చూశారు. వాళ్లు రాకముందే అక్క ఏసు పటం తీసి బియ్యం డబ్బాలో పెట్టింది. అన్నీ వదిలేసిన నేను కాగితం మీద హిందువుని, నన్ను ఎవరూ ఏమీ అడగరు. మనసారా నమ్మిన మనిషి మాత్రం అబద్ధమాడాలి! అంతఃకరణ స్వేచ్ఛ అని రాజ్యాంగం 25వ అధికరణంలో ఉంది. ఆ స్వేచ్ఛ మా అక్క బియ్యం డబ్బాలో ఉంది. న్యాయవాదులు ఎవరైనా ఉంటే సభ అయ్యాక నాతో మాట్లాడండి, నిజంగా అడుగుతున్నాను.

అధ్యక్షులవారు చీటీ పంపారు. ముగిస్తున్నాను.

నాయన పోయాక కూడా ఏటా ఉద్దాల రోజున కురుమూర్తికి వెళ్తాను. మండపంలోకి వెళ్లను. ఎదురుగా చెట్టు కింద నిలబడి వంగే తలలను చూస్తాను. నిరుడు మా పటేలు మనవడు కనిపించి, మర్యాదగానే, "సార్, లోపలికి రారా?" అన్నాడు.

"నేను ఇక్కడి నుంచే చూస్తాను. నువ్వు వెళ్లి వంగు బాబూ" అన్నాను.

వెళ్లాడు. వంగాడు.