జాబితా మీద అసింక్ పనులు: ఒకేసారి ఎన్ని?

అందరికీ నమస్కారం.

ఈ రోజు మాట్లాడబోయే విషయం చిన్నదిగా కనిపిస్తుంది. ఒక జాబితా ఉంది. అందులోని ప్రతిదానికీ నెట్‌వర్క్ మీద ఒక పని చేయించాలి. ఇలా మొదలుపెట్టి, జవాబు వచ్చేలోగా ప్రోగ్రామ్ వేరే పని చూసుకోగలిగేవే అసింక్ పనులు. ఒకదాని తర్వాత ఒకటి చేస్తే ఆలస్యం కాబట్టి కలిపి చేయాలి. ఈ కలిపి చేయడం దగ్గరే చాలా ప్రోగ్రాములు దెబ్బతినడం చూశాను. వాటిలో మొదటిది నేను రాసిందే.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఫీజు రశీదులు పంపే ప్రోగ్రామ్ రాశాను. 3,000 మంది విద్యార్థులు. డేటాబేస్ నుంచి వివరాలు తీసి, రశీదు తయారుచేసి, తల్లిదండ్రులకు మెయిల్ చేయాలి. జావాస్క్రిప్ట్‌లో జాబితాలోని ప్రతిదాని మీదా ఒక ఫంక్షన్‌ను నడిపే ఫర్‌ఈచ్ లూప్ పెట్టి, లోపల అసింక్ ఫంక్షన్ రాసి, పని ముగిసేదాకా ఆగమని చెప్పే అవెయిట్ కూడా మర్చిపోకుండా పెట్టాను. లూప్ కింద డేటాబేస్ కనెక్షన్ మూసే లైను, దాని కింద 'పూర్తయింది' అని లాగ్‌లో రాసే లైను. రన్ చేస్తే సెకను కూడా పట్టలేదు, 'పూర్తయింది' అని వచ్చింది. నమ్మి ఇంటికి వెళ్లిపోయాను. మర్నాడు ఫోన్లు మొదలయ్యాయి, రశీదులు రాలేదని. ఆ రోజు పడ్డ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది.

జరిగింది ఇది. అసింక్ ఫంక్షన్‌ను పిలిస్తే అది మొదటి అవెయిట్ దాకా నడిచి మనకు ఒక ప్రామిస్ ఇస్తుంది. 'పని అయ్యాక చెబుతాను' అన్న మాట అది. ఫర్‌ఈచ్‌కు ఆ మాట అక్కర్లేదు. మనం ఇచ్చిన ఫంక్షన్ ఏది తిరిగిచ్చినా వదిలేసి తర్వాతి విద్యార్థి దగ్గరికి వెళ్లిపోతుంది. లోపల రాసిన అవెయిట్ ఆ లోపలి ఫంక్షన్‌ను ఆపుతుందే తప్ప బయటి లూప్‌ను ఆపదు. 3,000 ప్రామిస్‌లు పుట్టాయి, ఏ ఒక్కదాని కోసమూ ఎవరూ ఆగలేదు. ఈలోగా కనెక్షన్ మూతపడింది. సీషార్ప్ రాసేవాళ్లకూ ఇదే గోతి ఉంది. పారలల్.ఫర్‌ఈచ్‌లో అసింక్ ఫంక్షన్ పెడితే అదీ ఆగదు. అందుకే 2021లో డాట్‌నెట్ 6 తో పాటు పారలల్.ఫర్‌ఈచ్‌అసింక్ అని వేరుగా తెచ్చారు.

జావాస్క్రిప్ట్‌లో అందరూ చెప్పే మందు, ఫర్‌ఈచ్ తీసేసి మ్యాప్ పెట్టడం. మ్యాప్ ప్రామిస్‌లన్నిటినీ ఒక జాబితాగా ఇస్తుంది. దాన్ని ప్రామిస్.ఆల్‌కు ఇచ్చి, దాని ముందు అవెయిట్ పెడతాం. ఏది ముందు ముగిసినా ఫలితాలు మన జాబితా వరుసలోనే వస్తాయి. ఇరవై ముప్పై అంశాలుంటే ఇంతకన్నా అక్కర్లేదు, హాయిగా వాడుకోండి.

ఇక్కడ ఒక అపోహ ఉంది. ప్రామిస్.ఆల్ పనులను నడిపిస్తుందని చాలామంది అనుకుంటారు. అది నడిపించదు, ఎదురుచూస్తుంది, అంతే. మ్యాప్ మన ఫంక్షన్‌ను పిలిచిన క్షణానే పని మొదలైపోయింది. ప్రామిస్ చేతికొచ్చిందంటే రిక్వెస్ట్ అప్పటికే బయల్దేరిందన్నమాట. పైథాన్‌లో అలా కాదు. అక్కడ అసింక్ ఫంక్షన్‌ను పిలిచినంత మాత్రాన ఏమీ కదలదు, అవెయిట్ చేసినప్పుడో టాస్క్‌గా మార్చినప్పుడో మొదలవుతుంది. జావాస్క్రిప్ట్‌లో మాత్రం 3,000 అంశాల మీద మ్యాప్ రాశామంటే 3,000 రిక్వెస్టులనూ ఒక్కసారిగా వదిలేసినట్టే.

అవతలివైపు ఎవరున్నారో చూడండి. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌కు మనం ఏమీ మార్చకపోతే గరిష్ఠంగా 100 కనెక్షన్లే. చాలా లైనక్స్ మెషీన్లలో ఒక ప్రాసెస్ తెరవగలిగే ఫైళ్లు, సాకెట్లు (అంటే నెట్‌వర్క్ కనెక్షన్లు) కలిపి మామూలుగా 1,024. బయటి సర్వీసులైతే 429 అనే కోడ్‌తో జవాబిస్తాయి, రిక్వెస్టులు మరీ ఎక్కువయ్యాయని. క్రోమ్ లాంటి బ్రౌజర్లు పాత హెచ్‌టీటీపీ 1.1 మీద ఒక సర్వర్‌కు 6 కనెక్షన్లకు మించి తెరవవు. మనం రాసే సర్వర్ కోడ్‌కు అలాంటి కళ్లెం తనంతట తాను రాదు. మనమే వేయాలి.

లెక్క చూద్దాం. ఒక్కో పనికి 200 మిల్లీసెకన్లు అనుకుందాం. వరుసగా చేస్తే 3,000 పనులకు 600 సెకన్లు, అంటే 10 నిమిషాలు. ఒకేసారి పది నడిస్తే 1 నిమిషం. ఇరవై నడిస్తే అర నిమిషం. రశీదులు పంపే పనికి 1 నిమిషం చాలదా? పది నిమిషాల్ని ఒకటి చేయడానికి పది చాలినప్పుడు 3,000 వదలాల్సిన అవసరం ఏముంది?

పదేసి నడపాలంటే మొదట తట్టేది జాబితాను పదేసి ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు ప్రామిస్.ఆల్ పెట్టడం. పనిచేస్తుంది. కానీ పదిలో తొమ్మిది 200 మిల్లీసెకన్లలో ముగిసి, ఒక్కటి 5 సెకన్లు పడితే ఆ తొమ్మిది చోట్లూ ఖాళీగా ఉండిపోతాయి. టిఫిన్ సెంటర్‌లో పెద్ద పెనం దగ్గర నిలబడి చూడండి. ఒక దోసె తీయగానే ఆ చోట ఇంకోటి పడుతుంది. పెనం మీదివన్నీ కాలేదాకా వంటమాస్టర్ గరిటె పట్టుకుని ఆగడు.

కోడ్‌లోనూ అదే చేయాలి. 'తర్వాతి స్థానం' అని ఒక వేరియబుల్ పెట్టుకోండి. పది వర్కర్ ఫంక్షన్లు మొదలుపెట్టండి. ఒక్కొక్కటీ ఆ స్థానం తీసుకుని, దాన్ని ఒకటి పెంచి, తన పని అవెయిట్ చేసి, ఫలితాన్ని అదే స్థానంలో రాసి, మళ్లీ వస్తుంది. జాబితా అయిపోతే ఆగుతుంది. ఆ పదింటికి మాత్రం ప్రామిస్.ఆల్. పదిహేను లైన్లు కూడా ఉండదు. లైబ్రరీ కావాలంటే ఒకేసారి నడిచే పనులకు హద్దు పెట్టే పీ-లిమిట్ ఉంది. దానికి ప్రామిస్‌ను కాకుండా ఫంక్షన్‌ను ఇవ్వాలి. ఎందుకో ఇందాకే చూశాం. ప్రామిస్ ఇస్తే పని అప్పటికే మొదలైపోయి ఉంటుంది, ఆపడానికి ఏమీ మిగలదు.

పది వర్కర్లు ఒకే వేరియబుల్‌ను పెంచితే గొడవ రాదా అని అడుగుతారు. రాదు. జావాస్క్రిప్ట్ కోడ్ ఒకే థ్రెడ్ మీద, అంటే ఒక క్షణంలో ఒక్క లైనే నడిచేలా నడుస్తుంది. ఒక అవెయిట్‌కూ ఇంకో అవెయిట్‌కూ మధ్య ఎవరూ దూరలేరు. కానీ అవెయిట్ దాటిందంటే ఆ భరోసా లేదు. మొత్తం వసూలు లెక్కకట్టాలని 'మొత్తం += అవెయిట్ ఫీజు' అని రాశామనుకోండి. ఆ లైను 'మొత్తం' అనే వేరియబుల్ పాత విలువను ముందే చదివి పెట్టుకుని, తర్వాత ఆగుతుంది. ఆగిన సమయంలో మిగతా తొమ్మిది వర్కర్లు తమ ఫీజులు కలుపుతాయి. ఇది లేచి, తన పాత విలువకు తన ఫీజు కలిపి, వాళ్లు రాసినదాన్ని చెరిపేస్తుంది. ఎర్రర్ ఏమీ రాదు, మొత్తం మాత్రం తక్కువ వస్తుంది. విడుదలకు ముందురోజు అకౌంట్స్ విభాగం పట్టుకుంటే తప్ప తెలియని తప్పు ఇది. ఫీజును ముందు వేరే లైనులో అవెయిట్ చేసి, తర్వాతి లైనులో కలిపితే చాలు.

ఇక తప్పిపోయిన పనుల సంగతి. ప్రామిస్.ఆల్‌లో ఒక్కటి విఫలమైనా వెంటనే ఎర్రర్ మన చేతికొస్తుంది. కానీ మిగతావి ఆగవు, వెనకాల నడుస్తూనే ఉంటాయి, మెయిళ్లు వెళ్తూనే ఉంటాయి. అది తెలియక మొత్తం ప్రోగ్రామ్‌ను మళ్లీ నడిపితే ఒకే తండ్రికి రెండు రశీదులు వెళ్తాయి. ప్రతి పని ఏమైందో విడివిడిగా తెలియాలంటే జావాస్క్రిప్ట్ 2020 ప్రమాణంలో వచ్చిన ప్రామిస్.ఆల్‌సెటిల్డ్ వాడండి. పైథాన్ 3.11 లో వచ్చిన టాస్క్‌గ్రూప్ ఇంకో దారి పట్టింది. ఒకటి విఫలమైతే మిగతావాటిని రద్దుచేసి, అవి ఆగాకే బయటికొస్తుంది. నాకు ఆ పద్ధతే ఎక్కువ నచ్చుతుంది. బ్లాక్ దాటామంటే వెనక ఏదీ నడవడం లేదన్న నమ్మకం ఉంటుంది. జావాస్క్రిప్ట్‌లో ఆ నమ్మకం కావాలంటే, పనులను ఆపమని చెప్పడానికి వాడే అబార్ట్‌కంట్రోలర్‌తో మనమే కట్టుకోవాలి.

పది అనే అంకె ఎక్కడిదని అడగబోతున్నారు. ఊరికే లెక్క కోసం తీసుకున్నాను. మీ అంకె మీరే కొలిచి తెలుసుకోవాలి. 5 తో మొదలుపెట్టి ఒక్కో రిక్వెస్ట్‌కు ఎంత సమయం పడుతుందో చూడండి. 10 చేయండి, 20 చేయండి. ఒక్కో రిక్వెస్ట్ సమయం పెరగడం మొదలైందంటే అవతలి సర్వర్ దగ్గర రిక్వెస్టులు క్యూ కడుతున్నాయన్నమాట. ఒక మెట్టు వెనక్కి రండి.

ల్యాప్‌టాప్‌లు తెరవండి. ఆ వర్కర్ ఫంక్షన్‌ను ఇప్పుడు కలిసి రాద్దాం. ఫర్‌ఈచ్ రాసినవాళ్లు మొహమాటపడకుండా చెయ్యి ఎత్తండి, మీ దగ్గరికే వస్తాను.