ఐసెట్ డేటా సఫిషియెన్సీ: జవాబు కనుక్కోకుండనే మార్కు

నమస్తే. నల్లగొండ, పాలమూరు దిక్కు డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు, ఎంబీఏ, ఎంసీఏ కోసం టీజీ ఐసెట్ రాయబోతున్నోళ్లు, ఈ వీడియో మీకే. ముఖ్యంగా ఎన్జీ కాలేజీలనో, ఎంవీఎస్‌లనో బీఏ చదివి, "లెక్కలు మా తోని కావు" అని వెనుకకు జరిగేటోళ్లకు.

పేపర్ సంగతి జల్ది చెప్త. 200 ప్రశ్నలు, 150 నిమిషాలు. ఒక్కోదానికి 45 సెకన్లు పడ్డట్టు. ఎనలిటికల్ 75, మ్యాథ్స్ 75, కమ్యూనికేషన్ 50. మొదటి రెండు తెలుగుల గూడ ఇస్తరు, మూడోది ఇంగ్లిష్‌లనే. నెగెటివ్ మార్కులు లెవ్వు, అందుకని ఒక్కటి గూడ ఖాళీ ఇడ్వొద్దు. క్వాలిఫై అయితే చాలు అనుకోకుండ్రి. మన మహాత్మాగాంధీ యూనివర్సిటీలనో, పాలమూరు యూనివర్సిటీలనో సీటు కావాలంటే మంచి ర్యాంకే కావాలె.

ఇయ్యాల ఒక్క డేటా సఫిషియెన్సీనే పట్టుకుందాం. 20 మార్కులు. తక్కువ కష్టంతోని వచ్చే మార్కులు ఇవే, మనోళ్లు టైమంత పోగొట్టుకునేది గూడ ఇక్కడనే. ఎందుకంటే ప్రశ్న కనబడంగనే పెన్ను పట్టి జవాబు కోసం ఉరుకుతరు. అక్కడ జవాబు ఎవ్వరూ అడగలే. ఇచ్చిన సమాచారం సరిపోతదా, లేదా? అడిగింది అంతే.

ప్రశ్నతోని రెండు వాక్యాలు ఇస్తరు. మొదటి వాక్యం ఒక్కటే సరిపోతే జవాబు 1. రెండోది ఒక్కటే సరిపోతే 2. రెండూ కలిస్తేనే సరిపోతే 3. రెండు కలిపినా సాలకపోతే 4. ఇది నోటికి రావాలె, పరీక్షల మల్ల చదువుకుంట కూసోవద్దు.

బోర్డు చూడుండ్రి. "దుకాణదారుకు లాభమెంత? ఒకటి, కొన్న ధర 1,370 రూపాయలు. రెండు, అమ్మిన ధర 1,985 రూపాయలు." రెండూ ఉంటే లాభం తెలుస్తది, ఒక్కదానితోని తెల్వదు. జవాబు 3. తీసివేత చెయ్యాల్నా? వద్దు. మీ చెయ్యి తీసివేత దిక్కు పోతున్నదంటే అక్కడనే ఆపుండ్రి. ఆ మిగిలిన అర నిమిషం సిరీస్ ప్రశ్నలకు కావాలె, అవి 25 ఉంటయి, అక్కడ నిజంగనే టైం పడ్తది.

ఇంకోటి. "ఒక బస్సు నల్లగొండ నుంచి దేవరకొండకు ఎంతసేపట్ల చేరింది? ఒకటి, సగటు వేగం గంటకు 40 కిలోమీటర్లు. రెండు, బస్సు 20 నిమిషాలు ఆలస్యంగ బయలెల్లింది." ఇక్కడ మనోళ్లే ఎక్కువ దెబ్బతింటరు. రోజూ ఆ బస్సుల పోయి వచ్చేటోళ్లకు దూరం ఎరికే గద, దాన్ని తెచ్చి లెక్కల పెట్టి 1 అని కొడ్తరు. పేపర్‌ల దూరం ఇయ్యలే. ఇయ్యనిది మనకు తెల్వనట్టే. జవాబు 4.

సాధన చేసేటప్పుడు ఒక అలవాటు చేసుకోండ్రి. మొదటి వాక్యం చదివేటప్పుడు రెండోదాని మీద కాయితం పెట్టి మూయుండ్రి. ఒకటి తేలినంక, ఇప్పుడు మొదటిదాన్ని మూసి రెండోది చదవుండ్రి. రెండూ ఒక్కసారే కండ్ల పడితే, రెండోదాంట్ల ఉన్న ముక్క తెల్వకుండనే మొదటిదాంట్ల కలిసిపోతది, 3 పెట్టాల్సిన కాడ 1 పెడ్తరు. పాత పేపర్లు తీసి ఇట్ల చేసుకుంట పోతే, పరీక్షల కంప్యూటర్ ముంగట కాయితం లేకున్నా మనసు దానంతటదే మూసుకుంటది.

సరే, ఇప్పుడు మీ వంతు. వీడియో ఆపి చేయుండ్రి.

"తోటల బత్తాయి చెట్లెన్ని? ఒకటి, వరుసకు 12 చొప్పున ఉన్నయి, ఒక్కటి గూడ మిగల్లే. రెండు, చెట్లు 100 కన్న ఎక్కువ, 115 కన్న తక్కువ."

జవాబు కామెంట్ల రాయుండ్రి. దాంతోపాటు ఇంకోటి గూడ రాయాలె: 115 బదులు 125 అని ఇస్తే మీ జవాబు మారుతదా, ఎందుకు?