ఆత్మహత్య ఆలోచనలు: డాక్టర్‌తో ఫోన్-ఇన్

యాంకర్: నమస్కారం. ఈరోజు ఫోన్-ఇన్‌లో ఆత్మహత్య ఆలోచనల గురించి, అలాంటి ఆలోచనల్లో ఉన్న మనిషిని ఎలా కాపాడుకోవాలనే దాని గురించి మాట్లాడుకుందాం. స్టూడియోలో సైకియాట్రిస్ట్ ఉన్నారు. నమస్కారం మేడమ్.

డాక్టర్: నమస్కారమండీ. కాల్స్ తీసుకునే ముందు ఒక్క మాట. వింటున్నవాళ్లలో ఎవరికైనా ఇప్పుడే ఆ ఆలోచన గట్టిగా వస్తుంటే మా లైన్ దొరికేదాకా ఆగకండి. పక్కనున్నవాళ్లకు చెప్పండి. మీరున్న చోట పనిచేసే హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి, లేదంటే దగ్గర్లో ఉన్న ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి. ఇంకొకటి, ఎలా చేసుకుంటారు, దేనితో చేసుకుంటారు అని నన్ను అడగొద్దు. చెప్పను.

యాంకర్: మొదటి కాలర్. హలో, చెప్పండి.

కాలర్ 1: హలో మేడమ్. చస్తానని పదేపదే అనేవాళ్లు చావరంటారు కదా. మా రూమ్మేట్ ఈ నెలలో రెండుసార్లు అన్నాడు. సీరియస్‌గా తీసుకోవాలా?

డాక్టర్: తీసుకోవాలి నాన్నా. మొరిగే కుక్క కరవదన్న సామెత ఇక్కడ పనికిరాదు. ఆత్మహత్యతో పోయినవాళ్లలో చాలామంది అంతకుముందు ఎవరో ఒకరి దగ్గర ఏదో ఒక రూపంలో బయటపెట్టినవాళ్లే. నేరుగా అనకపోవచ్చు. 'నేనుండి ఏం లాభం' అంటారు, 'ఇంకెన్నాళ్లో ఇబ్బంది పెట్టన్లే' అంటారు. ఈరోజే కూర్చోబెట్టి సూటిగా అడుగు, చచ్చిపోవాలనిపిస్తోందా అని. అవునంటే ఒంటరిగా వదలకు.

కాలర్ 1: ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు మేడమ్.

డాక్టర్: ఆ ఒట్టు తీసి గట్టున పెట్టు. ప్రాణం దగ్గర గుట్టు పనికిరాదు. ఇంట్లోవాళ్లకు చెప్పు, డాక్టర్ దగ్గరికి నువ్వే వెంట తీసుకెళ్లు. అలిగితే అలగనీ.

యాంకర్: థాంక్యూ. తరువాతి కాలర్. హలో, అమ్మా, మీ రేడియో సౌండ్ కాస్త తగ్గించండి, ఎకో వస్తోంది.

కాలర్ 2: తగ్గించానండీ. మేడమ్, నమస్తే. మా తమ్ముడి గురించి. ఇరవై నాలుగేళ్లు వాడికి. చిన్నప్పటి నుంచీ మెతక, ఎవరేమన్నా ఎదురు చెప్పడు. మొదట ఉద్యోగం పోయింది, తరువాత ఇంకో విషయం... అది వదిలేయండి. పోయిన నెల అలా చేసుకున్నాడు. దేవుడి దయ, బతికాడు. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చి ఎనిమిది రోజులు. అందరూ గండం గడిచిందంటున్నారు. నాకు మాత్రం నిద్ర లేదు మేడమ్. వాడు బాత్రూంలోకి వెళ్తే తలుపు బయట నిలబడి నీళ్ల చప్పుడు వింటాను. చప్పుడు ఆగితే ప్రాణం పోయినట్టుంటుంది. ఏదో వంకతో తలుపు కొడతాను, సబ్బు ఉందా అని. నిన్న లోపలి నుంచి అన్నాడు, 'ఉందక్కా, మొన్న కూడా ఉంది' అని.

డాక్టర్: (నవ్వుతూ) వాడికి తెలుసమ్మా మీరు దేనికి కొడుతున్నారో. సబ్బు గురించి అడుగుతున్నారు గానీ అసలు విషయం అడగట్లేదు. అడిగారా ఎప్పుడైనా?

కాలర్ 2: లేదు మేడమ్. భయం. మర్చిపోతున్నాడేమో, నేనే గుర్తుచేసినట్టవుతుందేమో. లేనిపోని ఆలోచన నేనే తలకెక్కించినట్టు...

డాక్టర్: ఎక్కించరు. ఈ భయం అందరికీ ఉంటుంది, డాక్టర్లకు కూడా ఉండేది. అందుకే పరీక్షించి చూశారు. 2005లో అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని హైస్కూలు పిల్లల మీద ఒక అధ్యయనం వచ్చింది, 2,342 మంది. సగం మందిని ఆత్మహత్య గురించి అడిగారు, సగం మందిని అడగలేదు. అడిగిన పిల్లల్లో టెన్షన్ పెరగలేదు, ఆలోచనలూ పెరగలేదు. అంతకుముందే డిప్రెషన్‌తో ఉన్న పిల్లలకైతే అడగడం వల్ల కాస్త తేలికపడినట్టే కనిపించింది. ఎవరికీ చెప్పుకోలేక మోస్తున్న బరువమ్మా అది. మీరు అడిగితే ఒక చివర మీరు పట్టుకున్నట్టు.

కాలర్ 2: సరే మేడమ్. మరి గండం గడిచినట్టేనా?

డాక్టర్: ఇప్పుడే అనుకోవద్దు. ఆసుపత్రి నుంచి వచ్చాక మొదటి వారం, ఆ తరువాత మూడు నెలలు, అసలు జాగ్రత్తగా ఉండాల్సిన రోజులు ఇవే. చుట్టాలందరూ చూసి వెళ్లిపోతారు, మనిషి మళ్లీ అదే గదిలో అదే గోడ చూస్తూ ఉంటాడు. కానీ భయపడి కూర్చోవడానికి చెప్పట్లేదు ఇది. ఒకసారి ప్రయత్నించి బతికినవాళ్లలో పదిమందికి తొమ్మిదిమంది తరువాత ఆత్మహత్యతో పోరు. 1978లో సైడెన్ అనే పరిశోధకుడు ఒక పెద్ద వంతెన దగ్గర ఆపి వెనక్కి తెచ్చిన 515 మంది ఆ తరువాత ఏమయ్యారో వెతికి చూశాడు. కొందరి విషయంలో అప్పటికి పాతికేళ్లు దాటాయి. నూటికి 94 మంది బతికే ఉన్నారు, లేదా మామూలు కారణాలతో పోయారు. ఆ ఉధృతి కొన్ని గంటలు ఉంటుంది, కొందరికి కొన్ని నిమిషాలే. ఆ కాసేపు దాటించాలి. అందుకే అంటున్నా, హాని చేసుకోగల వస్తువులు, మందులు ఇంట్లో అందుబాటులో ఉంచొద్దు. వాడి మందులు కూడా మీ దగ్గరే పెట్టుకుని ఏ పూటవి ఆ పూట ఇవ్వండి. చేశారా ఆ పని?

కాలర్ 2: కొన్ని తీశాను మేడమ్... అన్నీ కాదు.

డాక్టర్: ఈరోజు అన్నీ తీయండి. దాచడం కాదు, ఇంట్లోంచే తీసేయండి. వాడికి చెప్పే తీయండి, దొంగచాటుగా వద్దు. డిశ్చార్జ్ అయినప్పుడు ఏమైనా రాసిచ్చారా, మందుల చీటీ కాకుండా?

కాలర్ 2: లేదండీ. రెండు వారాల తరువాత రమ్మన్నారు, అంతే.

డాక్టర్: అంతేనా! (కాసేపు ఆగి) సరే. ఒక కాగితం తీసుకోండి. మీరు కాదు, వాడి చేత్తో వాడే రాయాలి. ఆలోచన మొదలయ్యే ముందు వాడికి ఏమవుతుంది, నిద్ర పట్టదా, ఫోన్లు ఎత్తడా, అది రాయమనండి. అప్పుడు ఒక్కడే చేయగలిగేది ఏమిటి, నడకో, పాటలో, ఏదైనా సరే. తరువాత ఎవరి దగ్గరికి వెళ్లి కూర్చుంటే మనసు మళ్లుతుంది. ఎవరికి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పగలడు, పేరూ నంబరూ. ఆ తరువాత డాక్టర్, హెల్ప్‌లైన్, ఎమర్జెన్సీ నంబర్లు. ఇంట్లోంచి ఏం తీసేయాలి. దీన్ని సేఫ్టీ ప్లాన్ అంటాం. స్టాన్లీ, బ్రౌన్ అని ఇద్దరు తయారుచేశారు. ఎమర్జెన్సీకి వచ్చినవాళ్లకు ఇది రాయించి, ఇంటికెళ్లాక ఫోన్లు చేస్తూ ఉంటే ఆరు నెలల్లో మళ్లీ అలాంటి ప్రయత్నాలు 45 శాతం దాకా తగ్గాయని 2018లో తేలింది. 'మళ్లీ చేయనని మాటివ్వు' అని మాత్రం ఒట్లు వేయించుకోకండి. అవి ఎవరినీ ఆపవు, పైగా ఆలోచన వస్తే ఇక మీకు చెప్పడు.

కాలర్ 2: అయ్యో, వేయించుకున్నాను మేడమ్. అమ్మ మీద ఒట్టు.

డాక్టర్: పర్లేదు. 'ఆ ఒట్టు వద్దులే, వస్తే నాకు చెప్పు, నేను తిట్టను' అనండి. అంతకంటే పెద్ద మందు లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదు దేశాల్లో, ప్రయత్నించి బతికిన 1,867 మందిని తీసుకుంది. సగం మందికి మామూలు వైద్యం. మిగతా సగానికి అదనంగా ఒక గంట కూర్చోబెట్టి మాట్లాడటం, ఏడాదిన్నరలో తొమ్మిదిసార్లు పలకరింపు. ఫోనో, మనిషి వెళ్లడమో. మామూలు వైద్యం ఇచ్చినవాళ్లలో 2.2 శాతం మంది ఆత్మహత్యతో పోయారు, పలకరించినవాళ్లలో 0.2 శాతం. 2008లో వచ్చింది ఈ ఫలితం. తొమ్మిది పలకరింపులమ్మా. మీరు రోజుకు తొమ్మిదిసార్లు తలుపు కొడుతున్నారు. ఆ ఓపికే కాస్త ఇటు తిప్పండి.

కాలర్ 2: అంటే... అడగొచ్చంటారా? ఇప్పుడు కాస్త తేరుకుంటున్నాడు కదా, ఈ టైంలో...

డాక్టర్: అమ్మా, ఇందాక చెప్పానుగా! అడగాలి. సూటిగా అడగాలి. విన్నాక ఊరుకోకూడదు. రెండు వారాలు ఆగకుండా రేపే డాక్టర్‌కి ఫోన్ చేసి ముందు అపాయింట్‌మెంట్ అడగండి. రోజులో ఓ రెండు గంటలు ఇంకెవరికైనా అప్పజెప్పి మీరు పడుకోండి. సరేనా?

యాంకర్: థాంక్యూ అమ్మా. తరువాతి కాలర్, హలో.

కాలర్ 3: నేను చెప్పేదేమిటంటే, ఇదంతా పిరికితనం. మా రోజుల్లో ఇన్ని కష్టాలు పడ్డాం, ఎవడూ ఇలా...

డాక్టర్: మీ రోజుల్లోనూ ఉందండీ, చెప్పుకోలేదంతే. ఇప్పటికీ ఏటా 7 లక్షల 20 వేల మందికి పైగా పోతున్నారు ప్రపంచంలో. 15 నుంచి 29 ఏళ్ల వయసువాళ్ల చావులకు ఇది మూడో పెద్ద కారణం. ఇంతమందినీ పిరికివాళ్లని తీసిపారేస్తే...

కాలర్ 3: కాదు, పెంపకం...

డాక్టర్: పిరికి అన్న ఆ ఒక్క మాట మీ ఇంట్లో పిల్లలు వింటే, రేపు అవసరమైనప్పుడు మీ దగ్గరికి రారు. అది నా బాధ.

యాంకర్: టైం తక్కువ ఉందండీ, థాంక్యూ. హలో, తరువాత ఎవరు?

కాలర్ 4: నమస్కారమమ్మా. నాకు తెలిసిన ఒకాయన ఉన్నాడు. భార్య పోయి ఏడాది. పిల్లలు బాగా చూసుకుంటారు, వంక పెట్టడానికి లేదు. కానీ అందరికీ బరువైపోయానని అనుకుంటాడు. తెల్లవారుజామున మూడింటికి మెలకువ వస్తుంది. అలాంటివాళ్లు... ఏం చేయాలి?

డాక్టర్: (నెమ్మదిగా) బాబాయి గారూ, ఒకటి అడుగుతాను, ఏమనుకోకండి. ఆ ఒకాయన మీరేనా?

(కొంతసేపు నిశ్శబ్దం)

కాలర్ 4: ...అనుకోండి.

డాక్టర్: చచ్చిపోవాలనిపిస్తోందా?

కాలర్ 4: అప్పుడప్పుడూ. ఈమధ్య కాస్త ఎక్కువగా.

డాక్టర్: ఈరోజు ఏమైనా చేసుకోవాలన్న ఉద్దేశం ఉందా?

కాలర్ 4: ఈరోజు లేదమ్మా.

డాక్టర్: చెప్పారు, చాలా మంచి పని చేశారు. ఇంట్లో ఇప్పుడెవరైనా ఉన్నారా?

కాలర్ 4: కోడలుంది.

డాక్టర్: అందరికీ బరువైపోయానన్న ఆ మాట మీ మనసు తయారుచేసింది కాదు బాబాయి గారూ, జబ్బు అనిపిస్తోంది. మూడింటికి మెలకువ రావడం కూడా అందులోదే. వయసని వదిలేసేది కాదు, వైద్యం ఉంది. మీరు ఫోన్ పెట్టకండి. మా వాళ్లు మిమ్మల్ని వేరే లైన్లోకి తీసుకుంటారు, బ్రేక్‌లో నేను మాట్లాడతాను. అప్పటిదాకా కోడల్ని పిలిచి పక్కన కూర్చోమనండి. పిలుస్తారా?

కాలర్ 4: ...పిలుస్తానమ్మా.

యాంకర్: లైన్లోనే ఉండండి సార్. (విరామం)

యాంకర్: మళ్లీ స్వాగతం. ఆయనతో మేడమ్ మాట్లాడారు, కోడలుగారితో కూడా. సాయంత్రం డాక్టర్ దగ్గరికి వెళ్తున్నారు. తరువాతి కాలర్.

కాలర్ 5: మేడమ్, ఎవరు చేసుకుంటారో ముందే లెక్కగట్టే ప్రశ్నావళులు, యాప్‌లు ఉన్నాయంటున్నారు. నమ్మొచ్చా?

డాక్టర్: వాటిమీదే ఆధారపడొద్దు. 2017లో ఫ్రాంక్లిన్ అనే పరిశోధకుడి బృందం యాభై ఏళ్లలో వచ్చిన 365 అధ్యయనాలను కలిపి చూసింది. డిప్రెషన్, తాగుడు, గత ప్రయత్నం, ఇలా ఏ ఒక్క కారణాన్ని పట్టుకుని జోస్యం చెప్పినా బొమ్మా బొరుసా వేసినదానికంటే పెద్దగా మెరుగు లేదు. గత ప్రయత్నాన్ని తేలిగ్గా తీసుకోమని కాదు. స్కోరు తక్కువ వచ్చిందని మనిషిని ఇంటికి పంపేయకూడదు, అదీ నేననేది. ఆ మనిషికి ఇప్పుడేం కావాలో అడిగి అది చేయాలి. అడగడం, ఒంటరిగా వదలకపోవడం...

యాంకర్: థాంక్యూ. ఆఖరి కాల్. హలో?

కాలర్ 2: మేడమ్, నేనే, ఇందాక చేశాను, తమ్ముడి గురించి. సారీ. మళ్లీ దొరుకుతుందనుకోలేదు.

డాక్టర్: చెప్పమ్మా.

కాలర్ 2: మీరు చెప్పినవన్నీ రాసుకున్నాను. కానీ ఎలా మొదలుపెట్టాలో తెలియట్లేదు. మొదటి మాట ఏమనాలి?

డాక్టర్: 'బాత్రూం బయట నిలబడి ఎందుకు తలుపు కొడుతున్నానో నీకు తెలుసు కదరా' అనండి. మీ ఇద్దరికీ తెలిసిన మాట అది. తరువాత, 'ఇప్పటికీ చచ్చిపోవాలనిపిస్తోందా' అని అడిగి ఊరుకోండి. వెంటనే జవాబు రాదు. రాలేదని మీరు మాట్లాడేయకండి.

కాలర్ 2: ఎంతసేపు ఆగాలి?

డాక్టర్: వాడు మాట్లాడేదాకా. ఇప్పుడెక్కడున్నాడు?

కాలర్ 2: పక్క గదిలోనే. రేడియో సౌండ్ తగ్గించాను గానీ... వాడి గదిలో కూడా ఇదే వస్తోంది మేడమ్. ఇప్పుడే వినబడుతోంది.

డాక్టర్: అయితే ఫోన్ పెట్టేసి వెళ్లమ్మా.