చేపలో పాదరసం తగ్గాలంటే పదిహేనేళ్ల డబ్బు కావాలి

అందరికీ నమస్కారం. ఫిషరీస్ విద్యార్థులు, అధ్యాపకులు, గోదావరి మీద వేట చేసే అన్నలు ఇంతమంది వచ్చారు, చాలా సంతోషం. చేపల్లో పాదరసం అనగానే నేను ఆరోగ్యం గురించి మాట్లాడతానని మీరు అనుకుని ఉంటారు. అదీ చెబుతాను, కానీ క్లుప్తంగా. ఇవాళ నేను వచ్చింది డబ్బు గురించి మాట్లాడటానికి. పాదరసాన్ని తగ్గించే పరిశోధనకు డబ్బు ఎన్నేళ్లకు ఇస్తున్నారు, ఎక్కడ ఆపేస్తున్నారు, ఆపితే ఏం పోతుంది? ఇవే నా ప్రశ్నలు.

ముందు అసలు సంగతి రెండు ముక్కల్లో. నీళ్లలో పడ్డ పాదరసం అలాగే ఉండిపోతే చేపకు పెద్దగా ఎక్కదు. అడుగున గాలి ఆడని బురదలో ఉండే కొన్ని రకాల బ్యాక్టీరియా దాన్ని మిథైల్ మెర్క్యురీగా మారుస్తాయి. చిక్కంతా దీనితోనే. కంటికి కనిపించని నీటి జీవుల్లో చేరి, వాటిని తిన్న చిన్న చేపల్లోకి, వాటిని తిన్న పెద్ద చేపల్లోకి పోతుంది. మెట్టు మెట్టుకూ పెరుగుతుంది. కండలోనే ఉంటుంది కాబట్టి తోలు తీసినా, ఎంతసేపు ఉడికించినా పోదు. కడుపులో ఉన్న బిడ్డ మెదడుకు ఇది చేసే చెరుపు అన్నిటికంటే పెద్దది. బొచ్చె, శీలావతి కంటే సాటి చేపల్ని మింగే వాలుగ, కొరమీనుల్లో ఇది ఎక్కువగా చేరే వీలుంది. మిమ్మల్ని భయపెట్టాలని ఈ మాట అనడం లేదు. పరీక్ష మొదలుపెడితే ముందు ఏ చేపను పట్టుకోవాలో తెలియాలి కదా, అందుకు.

ఇప్పుడు మిమ్మల్ని కెనడా తీసుకెళ్తాను. ఒంటారియో రాష్ట్రంలో డ్రైడెన్ అనే ఊళ్లో పేపర్ మిల్లు ఉంది. కాగితాన్ని తెల్లగా చేయడానికి కావలసిన క్లోరిన్‌ను పాదరసం వాడి తయారుచేసేవాళ్లు. 1962 నుంచి 1970 వరకు సుమారు 9 టన్నుల పాదరసం వాబిగూన్ నదిలోకి వదిలారు. దిగువన గ్రాసీ నారోస్ అనే ఆదివాసీ గూడెం ఉంది. వాళ్లకు చేపే కూర, చేపే కూలి. వేటకు వచ్చే టూరిస్టులకు గైడ్లుగా పనిచేసి బతికేవాళ్లు. 1970లో చేపల వ్యాపారం మూసేశారు, టూరిస్టుల లాడ్జీ మూతపడింది, పని పోయింది. చేప తినొద్దని చెప్పడం తేలిక. నది తప్ప మరో ఆధారం లేని ఊరికి వెళ్లి ఆ మాట చెప్పి చూడండి.

జపాన్‌లో పాదరసం చేరిన చేపలు తిన్నవాళ్లకు వచ్చిన జబ్బు మినమాట వ్యాధి. దాన్ని ఏళ్ల తరబడి చూసిన డాక్టర్ మసజుమి హరడా 1975లో గ్రాసీ నారోస్‌కు వచ్చి జనాన్ని పరీక్షించారు. 1980ల మొదట్లో ప్రభుత్వాలే ఒక అధ్యయనం చేయించాయి. జాన్ రడ్ తదితర శాస్త్రవేత్తలు నదిని బాగుచేసే మార్గాలు సూచించారు. ఎగువనున్న శుభ్రమైన మట్టిని నీళ్లలో కలిపి, పాడైన బురద ప్రభావాన్ని తగ్గించడం అందులో ఒకటి. ప్రభుత్వం ఏమీ చేయలేదు. నది తనంతట తనే బాగుపడుతుందిలే అనుకున్నారు. మొదట కొన్నేళ్లు చేపల్లో పాదరసం గబగబా తగ్గింది, తర్వాత ఆగిపోయింది. 2016లో అదే జాన్ రడ్, మరికొందరితో కలిసి మళ్లీ నివేదిక రాయాల్సి వచ్చింది. 2017లో ఒంటారియో ప్రభుత్వం నది శుద్ధికి 8.5 కోట్ల డాలర్లు ఇస్తామని ప్రకటించింది. అధ్యయనానికీ ఈ ప్రకటనకూ మధ్య ఒక తరం పుట్టి పెరిగింది. 2024లో వెస్ట్రన్ యూనివర్సిటీ పరిశోధకులు ఇంకో సంగతి తేల్చారు. మిల్లు నుంచి ఇప్పటికీ వచ్చే సల్ఫేటు, సేంద్రియ పదార్థం ఆ పాత పాదరసం మిథైల్ మెర్క్యురీగా మారడాన్ని పెంచుతున్నాయట.

అదే వాయవ్య ఒంటారియోలో, ఆ నదికి ఎంతో దూరం కాకుండా, ఎక్స్‌పెరిమెంటల్ లేక్స్ ఏరియా అని ఒక పరిశోధన కేంద్రం ఉంది. 1968లో పెట్టారు. 58 సరస్సులు దాని చేతిలో ఉన్నాయి. ప్రయోగశాల గాజుకుప్పెలో కాకుండా సరస్సు మొత్తం మీద ప్రయోగం చేసే చోటు ప్రపంచంలో ఇలాంటిది అరుదు. అక్కడ 658వ నంబరు సరస్సులో 2001 నుంచి 2007 దాకా కావాలనే కొద్దికొద్దిగా పాదరసం కలిపారు. అందులో తెలివి ఏమిటంటే, పాదరసానికి స్థిరమైన ఐసోటోపులు, అంటే బరువులో కొద్ది తేడా ఉన్న రూపాలు, ఏడున్నాయి. నీళ్లలోకి ఒక ఐసోటోపు, చుట్టూ ఉన్న అడవి మీద ఇంకొకటి, చిత్తడి నేల మీద మరొకటి వేశారు. అడవి మీద చల్లింది విమానంతో. ఇక చేపలో దొరికిన పాదరసం ఏ దారిన వచ్చిందో తేలిపోతుంది. ఎనిమిదేళ్ల కిందట వర్షంలో పడిందా, అడవి నుంచి కొట్టుకొచ్చిందా అని వాదించుకోనక్కరలేదు.

2007 తర్వాత కలపడం ఆపేశారు. ఇంకా ఎనిమిదేళ్లు చేపల్ని చూస్తూ వచ్చారు. అడుగు మెట్టు జీవుల్లో ఆ గుర్తు వేసిన మిథైల్ మెర్క్యురీ 91 శాతం దాకా పడిపోయింది. పెద్ద చేపల్లో 38 నుంచి 76 శాతం తగ్గింది. పాదరసం రావడం ఆపితే జనం తినే చేప నిజంగా బాగుపడుతుందని గట్టిగా రుజువైంది. ఫలితం 2021 చివర్లో బయటికొచ్చింది.

మధ్యలో ఏం జరిగిందో తెలుసా? 2012 బడ్జెట్ తర్వాత కెనడా కేంద్ర ప్రభుత్వం ఆ కేంద్రాన్నే మూసేస్తామంది. సరిగ్గా చేప బాగుపడుతున్న ఏళ్లు అవి. దాన్ని నడపడానికి ఏడాదికి అయ్యే ఖర్చు సుమారు 20 లక్షల డాలర్లు. అదే సంవత్సరం జులైలో శాస్త్రవేత్తలు తెల్లకోట్లు వేసుకుని ఒట్టావా వీధుల్లోకి వచ్చారు. చివరికి ఒంటారియో రాష్ట్రం డబ్బు పెట్టి, 2014లో ఐఐఎస్‌డీ అనే స్వతంత్ర సంస్థ చేతికి ఇచ్చారు కాబట్టి నిలబడింది. శుద్ధికి ప్రకటించిన 8.5 కోట్లను ఈ 20 లక్షలతో భాగించి చూడండి. నలభై ఏళ్లు ఆ కేంద్రాన్ని నడపొచ్చు. ఆ లెక్క గుర్తొచ్చినప్పుడల్లా నాకు కడుపు మండుతుంది.

మన దగ్గర పరిశోధన ప్రాజెక్టు అంటే సాధారణంగా మూడేళ్లు. మొదటి ఏడాది జేఆర్‌ఎఫ్‌ని, అంటే ప్రాజెక్టులో పనిచేసే జూనియర్ పరిశోధకుణ్ని, తీసుకోవడానికి, పరికరం కొనడానికి సరిపోతుంది. రెండో ఏడాది నమూనాలు. మూడో ఏడాది నివేదిక, డబ్బు ఖర్చుకు లెక్క చెప్పే యూటిలైజేషన్ సర్టిఫికెట్, ఆపై ఆ కుర్రాడికి ఇంకో ఉద్యోగం. మరి వాలుగ వయసు ఎంత? ఇవాళ పట్టిన పెద్ద చేప ఒంట్లో ఉన్నది ఎన్నో ఏళ్లుగా తిన్న తిండి తాలూకు పాదరసం. చేప జీవితానికి, గ్రాంటు జీవితానికి పొంతన లేదు.

ఇది పెద్ద పెద్ద యంత్రాలు అడిగే పని అనుకోకండి. పట్టిన చేపని కొలబల్ల మీద పెట్టి పొడవు చూడాలి, తూకం వేయాలి. ఇది తప్పితే మిగతాదంతా వృథా, ఎందుకంటే చేప పెరిగేకొద్దీ పాదరసం పెరుగుతుంది. పోయినేడు కిలో చేప, ఈ ఏడు నాలుగు కిలోల చేప పట్టి పాదరసం పెరిగిందంటే ఎవరూ నమ్మరు. వయసు కోసం తలలోని చెవిరాయి తీసి దాని వలయాలు లెక్కపెట్టాలి. వీపు రెక్క కింద కండ ముక్క కోసి, సంచిలో పెట్టి, పెన్సిల్‌తో చీటీ రాసి, ఐస్‌బాక్సులో వేయాలి. తర్వాత ఆ ముక్క కరెంటు పోని ఫ్రీజర్‌లో ఏళ్ల తరబడి ఉండాలి. ఆ ఫ్రీజర్‌కి, దాన్ని చూసుకునే మనిషికి జీతం ఇవ్వడమే ఏ పథకంలోనూ రాయని ఖర్చు.

మనకు చేతకాదనడం కుదరదు. కొడైకెనాల్‌లో థర్మామీటర్ల ఫ్యాక్టరీ 2001లో మూతపడ్డాక, అక్కడి సరస్సు నీళ్లు, బురద, చేపల్లో పాదరసాన్ని కొలిచింది మన హైదరాబాద్‌లో ఈసీఐఎల్ దగ్గరున్న బార్క్ (బాబా అణు పరిశోధన సంస్థ) కేంద్రం శాస్త్రవేత్తలే. 2006లో అచ్చయింది. పాదరసాన్ని అదుపు చేయడానికి దేశాలు చేసుకున్న మినమాట ఒప్పందాన్ని మన దేశం 2018లో ఆమోదించింది. ఆ ఒప్పందం 19వ అధికరణం చేపలతో సహా జీవుల్లో పాదరసాన్ని గమనిస్తూ ఉండమంటుంది. ఆ బాధ్యత ఒప్పుకున్నదే, కొత్తగా అడుగుతున్నది కాదు.

నా అసలు కోరిక పోలవరం గురించి. నేల కొత్తగా నీట మునిగినప్పుడు కుళ్లే ఆకు, మట్టి బ్యాక్టీరియాకు మేత అవుతాయి. 1993లో ఇందాక చెప్పిన కేంద్రంలోనే ఒక చిత్తడి నేలను ముంచితే మిథైల్ మెర్క్యురీ ఉత్పత్తి 39 రెట్లయింది. కెనడాలోనే క్యూబెక్ రాష్ట్రంలో లా గ్రాండ్ జలాశయాల్లో సాటి చేపల్ని తినే చేపలు మామూలు స్థితికి రావడానికి 20, 30 ఏళ్లు పట్టింది. అవి చలిప్రాంతాలు, మన గోదావరి వేరు, నిజమే. అందుకే ఇక్కడే చూడాలి. ఎగువన మణుగూరు, పాల్వంచల్లో బొగ్గు విద్యుత్ కేంద్రాలున్నాయి. బొగ్గులో కొద్దిగా పాదరసం ఉంటుంది. జలాశయం 45.72 మీటర్ల దాకా నిండకముందు వాలుగ, కొరమీను, జెల్ల ఎలా ఉన్నాయో ఇప్పుడే కొలవాలి. నిండాక ఎంత డబ్బు పోసినా ఆ పాత అంకె దొరకదు.

నేను అడిగేది పదిహేనేళ్ల నిధి. ప్రతి ఏడాదీ అదే నెలలో, అవే రేవుల్లో, అదే సైజు చేపలు. రేవుకో మత్స్యకార కుటుంబానికి ఆ పనికి కూలి ఇవ్వాలి, వచ్చిన అంకెను తెలుగులో అదే రేవులో బోర్డు మీద రాయాలి. పోలవరం నిర్మాణ ఖర్చులో ఇది కంటికి కూడా ఆనదు. ఫిషరీస్ కాలేజీ పిల్లలు కొలబల్లలు తెస్తే, నా దగ్గరున్న నమూనా చీటీలు, తీయాల్సిన పద్ధతి రాసిన కాగితం ఇస్తాను. వేటకు వెళ్లే అన్నలు ఏ రేవులో ఏ నెలలో వాలుగ పడుతుందో చెప్పండి. ఈ వర్షాకాలం వరద తీశాక మొదటి విడత తీసుకుందాం, ఆ అంకెలతోనే నిధి కోసం అర్జీ రాద్దాం.