132 ఏళ్లు కదలని కప్పు

నమస్కారం అండీ. ఈరోజు తెరచాప పడవల పందెంలో ఇచ్చే అమెరికాస్ కప్ అనే వెండి కప్పు కథ చెబుతాను. దాన్ని న్యూయార్క్ యాట్ క్లబ్ 44వ వీధిలోని తన భవనంలో బోల్టు వేసి మరీ బిగించింది. ఎవరూ తీసుకెళ్లలేరన్నది వాళ్ల నమ్మకం.

ఆ క్లబ్ పుట్టింది ఒక పడవ మీద. 1844 జులై 30న న్యూయార్క్ రేవులో జాన్ కాక్స్ స్టీవెన్స్ పడవ ఎక్కి తొమ్మిది మంది కలిసి పెట్టుకున్నారు. ఏడేళ్లకు స్టీవెన్స్, ఆయన మిత్రులు 'అమెరికా' అనే పడవ కట్టించి ఇంగ్లండ్ పంపారు. 1851 ఆగస్టు 22న ఐల్ ఆఫ్ వైట్ దీవి చుట్టూ పందెం. ఇంగ్లండ్ వాళ్ల పడవలన్నిటికంటే ముందు అదే వచ్చి ఈ కప్పు గెలిచింది. అమెరికాస్ కప్ అన్న పేరు ఆ పడవదే, దేశానిది కాదు.

1857లో కప్పు క్లబ్ చేతికొచ్చింది. ఏ దేశం క్లబ్బైనా సవాలు చేయవచ్చన్నారు. కానీ 1870లో ఇంగ్లండ్ నుంచి మొదటి పడవ వస్తే, ఆ ఒక్కదాని మీదికి తమ పడవల గుంపునే దింపారు! న్యూయార్క్ వాళ్లు గొప్ప నావికులు, అందులో సందేహం లేదు. అయినా ఇది న్యాయమైన పోటీ కాదు. మన టీ ప్యాకెట్ల మీద పేరున్న థామస్ లిప్టన్ కూడా 1899 నుంచి 1930 దాకా ఐదుసార్లు వచ్చాడు. ఐదుసార్లూ ఓడాడు.

ఇక 1983. రోడ్ ఐలాండ్‌లోని న్యూపోర్ట్. ఈసారి సవాలు చేసిన ఆస్ట్రేలియా 2 అనే పడవను నీళ్లలోంచి పైకి తీసినప్పుడల్లా అడుగుభాగం కనబడకుండా గుడ్డ కట్టేవారు. అక్కడే ఉంది అసలు సంగతి. పడవ ఒరిగిపోకుండా కింద కీల్ అనే బరువైన రెక్క ఉంటుంది. డిజైనర్ బెన్ లెక్సెన్ దాని అడుగున అటూ ఇటూ చిన్న రెక్కలు పెట్టించాడు. బరువు బాగా కిందికి చేరడంతో పడవ నిలకడగా ఉండేది, చటుక్కున తిరిగేది. ఇది నిబంధనలకు విరుద్ధమని క్లబ్ వాదించింది కానీ నెగ్గలేదు.

నాలుగు పందేలు గెలిచినవాళ్లదే కప్పు. న్యూయార్క్ క్లబ్ తరఫున డెన్నిస్ కానర్ నడిపే లిబర్టీ పడవ 3-1 ఆధిక్యంలోకి వెళ్లింది. అక్కడి నుంచి ఆస్ట్రేలియా లెక్క 3-3 చేసింది. సెప్టెంబర్ 26, ఏడో పందెం. ఒక దశలో కానర్ 57 సెకన్లు ముందున్నాడు. తర్వాత గాలివాలుకు సాగే భాగంలో ఆస్ట్రేలియా కెప్టెన్ జాన్ బెర్ట్రాండ్ వేరే గాలి వెతుక్కుని ముందుకు దూసుకెళ్లాడు! చివరి దారంతా ఎదురుగాలి. కానర్ పదే పదే దిశ మార్చి చూశాడు, ప్రత్యర్థి వదలలేదు. ఆ టెన్షన్ ఇప్పుడు వీడియోలో చూసినా ఊపిరి బిగబట్టాల్సిందే. 41 సెకన్ల తేడాతో ఆస్ట్రేలియా గెలిచింది.

ఈరోజు పనికి రాలేదని ఎవరినైనా ఉద్యోగంలోంచి తీసేసే యజమాని పనికిమాలినవాడని ఆస్ట్రేలియా ప్రధాని బాబ్ హాక్ టీవీలోనే అన్నారు.

కానర్ గురించి ఒక మాట చెప్పాలి. అన్నేళ్లలో కప్పు పోగొట్టిన మొదటి కెప్టెన్ అన్న ముద్ర పడినా, 1987లో ఆస్ట్రేలియాలోని ఫ్రీమాంటిల్‌కే వెళ్లి 4-0తో కప్పు తెచ్చాడు. నాకు ఆయన మీద గౌరవం అక్కడే పెరిగింది. ఈసారి మాత్రం ఆయన ఆడింది శాన్ డియాగో యాట్ క్లబ్ తరఫున. 44వ వీధికి ఆ కప్పు మళ్లీ రాలేదు.