సంపద, బొగ్గు, ఓ గుణకారం

అందరికీ నమస్కారం.

ఒక గుణకారంతో మొదలుపెడతాను. టెన్షన్ పడకండి, నాలుగే అంకెలు. జపాన్ శక్తిరంగ ఆర్థికవేత్త యోయిచి కయా ఒక దేశం వదిలే కార్బన్ డయాక్సైడ్‌ని ఇలా విడగొట్టారు: జనాభా ఎంత, తలసరి ఆదాయం ఎంత, ఒక్కో రూపాయి ఆదాయం పుట్టడానికి ఎంత శక్తి ఖర్చయింది, ఒక్కో యూనిట్ శక్తికి కార్బన్ ఎంత. నాలుగూ గుణిస్తే మొత్తం లెక్క వచ్చేస్తుంది.

మొదటి రెండింటి జోలికి నేను వెళ్లను. చీకట్లో ఉన్నవాణ్ణి ఆదాయం పెంచుకోవద్దనే హక్కు ఎవరికీ లేదు. మూడోది యంత్రాలు మెరుగయ్యే కొద్దీ తగ్గుతూనే ఉంటుంది. అసలు తేడా నాలుగోదాంట్లో ఉంది.

బొగ్గుతో ఒక యూనిట్ కరెంటు తీస్తే సుమారు కిలో కార్బన్ డయాక్సైడ్ బయటికొస్తుంది. గ్యాస్‌తో అయితే అందులో సగం కూడా ఉండదు, పైపుల్లోంచి మీథేన్ (ఆ గ్యాస్‌లో ఎక్కువ భాగం అదే, గాల్లో కలిస్తే భూమిని వేడెక్కిస్తుంది) లీకవకపోతే! అణు, సౌర, పవన విద్యుత్తుకు ఇంధనం కాల్చే పనే లేదు.

1973లో చమురు ధర మండిపోయింది. మరుసటి ఏడాదే ఫ్రాన్స్ పెద్ద ఎత్తున అణు కేంద్రాలు కట్టాలని నిర్ణయించింది. వాతావరణం మీద ప్రేమతో కాదు, చమురు బిల్లు భయంతో. పక్కనున్న జర్మనీ కూడా సంపన్న దేశమే, కానీ బొగ్గును చాలాకాలం పట్టుకుంది. ఈరోజుకీ జర్మనీ కరెంటు యూనిట్‌లో కార్బన్ ఫ్రాన్స్ కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ.

డబ్బొస్తే కాలుష్యం దానంతటదే తగ్గుతుందనే వాదన ఒకటుంది. ఊరి మీద కమ్మే పొగ విషయంలో అది కొంత నిజం. జనం దగ్గుతారు, గొడవ చేస్తారు, ప్రభుత్వం కదులుతుంది. కార్బన్ డయాక్సైడ్‌కి రంగూ వాసనా లేవు, నష్టం ప్రపంచమంతా పంచుకుంటుంది. మరి గొడవ చేసేదెవరు?

బ్రిటన్ 1882లో లండన్‌లో బొగ్గు కరెంటు మొదలుపెట్టి, 2024 సెప్టెంబర్ 30న చివరి బొగ్గు కేంద్రాన్ని మూసేసింది. 1990తో పోలిస్తే ఉద్గారాలు దాదాపు సగమయ్యాయి, ఆర్థిక వ్యవస్థ మాత్రం పెరిగింది. ఫ్యాక్టరీలు విదేశాలకు తరలిపోవడం వల్లేనని కొందరంటారు. కొంత నిజమే. అయితే దిగుమతి చేసుకున్న సరుకుల తయారీలో వెలువడ్డ కార్బన్ కలిపి చూసినా తగ్గుదల కనిపిస్తోంది.

ఇప్పుడు ఎదుగుతున్న దేశాల సంగతి వేరు. బొగ్గు కేంద్రం ఒకసారి కడితే నలభై ఏళ్లు నడుస్తుంది, అప్పు తీరేదాకా మూయలేరు. సోలార్‌కి ఇంధనం ఉచితం, కానీ ఖర్చంతా మొదటి రోజే పెట్టాలి. అంటే యూనిట్ ధరను తేల్చేది ఎండతో పాటు వడ్డీ రేటు కూడా. పేద దేశాలకు అప్పు ఎక్కువ వడ్డీకే పుడుతుంది. అందుకే ఎండ కుమ్మరిస్తున్న చోట కూడా బొగ్గు ఇంకా చవగ్గా కనిపిస్తోంది.