ట్యాబ్‌కు పిన్ను పెట్టే ముందు

(తిరుపతిలో ఆర్కెస్ట్రా కళాకారుల సమావేశంలో చేసిన ప్రసంగం)

వేదిక మీది పెద్దలకు, కింద కూర్చున్న కీబోర్డు, ప్యాడ్, గిటారు సోదరులకు, పాడే అమ్మాయిలకు, తలుపు దగ్గర నిలబడి ఈయన ఎప్పుడు ముగిస్తాడా అని చూస్తా ఉండే సౌండ్ సర్వీస్ తమ్ముళ్ళకు నమస్కారం. పెద్దల పేర్లన్నీ చదవమని చీటీ ఇచ్చినారు. అన్నీ చదివితే ఇక్కడే భోజనాల వేళవుతుంది. చీటీ జేబులో పెట్టుకుంటా ఉండా, ఏమీ అనుకోవద్దండి.

ట్యాబ్‌ను మన వాయిద్యాలకు కలిపేది ఎట్లా? ఇదీ నాకిచ్చిన అంశం.

ముందు బ్లూటూత్ సంగతి తేల్చేద్దాం. వద్దు. పాట వినడానికి బాగుంటుంది గానీ వాయించడానికి పనికిరాదు. ఎలక్ట్రానిక్ డ్రమ్ ప్యాడ్ మీద పుల్ల పడినాక స్పీకర్‌లో దెబ్బ వినపడేసరికి సెకనులో పదో వంతు, ఒక్కోసారి ఐదో వంతు పోతుంది. అంతలో తాళం ఎక్కడికో పోయి ఉంటుంది.

రెండోది, మనలో చాలామంది చేసేది. ట్యాబ్‌లో ఇయర్‌ఫోన్ పెట్టే చోట ఈపీ పిన్ను గుచ్చి, రెండో కొస మిక్సర్‌లో పెట్టడం. పని జరుగుతుంది, కాదనను. కానీ ఆ దారిలో శబ్దం బయటికి పోతుందే గానీ మీ కీబోర్డు శబ్దం లోపలికి రాదు. పైగా కొత్త ట్యాబుల్లో చాలావాటికి ఆ రంధ్రమే లేదు.

కాబట్టి మధ్యలో ఆడియో ఇంటర్‌ఫేస్ అనే డబ్బా కావాలి. శబ్దాన్ని సెకనుకు 48,000 సార్లు కొలిచి అంకెలుగా మార్చి ట్యాబ్‌కు ఇస్తుంది, ట్యాబ్ ఇచ్చిన అంకెల్ని మళ్ళీ శబ్దం చేసి మిక్సర్‌కు పంపిస్తుంది. కొనేటప్పుడు అంగట్లో ఒక్క మాట అడగండి: ఇది క్లాస్ కంప్లయంటా? అంటే విడిగా డ్రైవర్ అనే సాఫ్ట్‌వేర్ ఎక్కించకుండానే పనిచేస్తుందా అని. ఐప్యాడ్‌కు అదే ముఖ్యం. ఆండ్రాయిడ్‌లో 2014లో వచ్చిన 5.0 నుంచి ఇట్లాంటి డబ్బాలను గుర్తుపట్టే ఏర్పాటు ఉంది. అయినా ఒక్కో కంపెనీ ట్యాబ్ ఒక్కో తీరు. మీ ట్యాబ్‌ను అంగడికే తీసుకుపోయి, తగిలించి, విని, ఆ తర్వాత డబ్బులివ్వండి.

కీబోర్డు వెనక లైన్ అవుట్ నుంచి పీ-38 అనే లావు పిన్నుతో డబ్బాలో లైన్ ఇన్‌కు రావాలి. మైక్ ఇన్‌లో పెడితే శబ్దం పగిలిపోతుంది, దానికి కీబోర్డును తిట్టొద్దు.

అసలు చిక్కంతా కరెంటు దగ్గర. ట్యాబ్‌కు ఉండేది ఒకటే రంధ్రం. అందులో డబ్బా పెడితే ఛార్జర్‌కు చోటు లేదు. ఆ డబ్బా తన తిండి కూడా ట్యాబ్ బ్యాటరీ నుంచే తింటుంది. కండెన్సర్ మైకు తగిలించి, దానికి కరెంటు ఇచ్చే 48 వోల్టుల బటన్ నొక్కితే ఇంకా తింటుంది. పాత లైట్నింగ్ ఐప్యాడ్ అయితే ఇంత కరెంటు ఇవ్వలేనని తెర మీదే చెప్పేసి చేతులెత్తేస్తుంది. దానికి ఛార్జింగ్ దారి కూడా ఉండే కెమెరా అడాప్టర్ కావాలి. టైప్-సీ ట్యాబ్‌కయితే సొంత అడాప్టర్‌తో నడిచే హబ్ పెట్టుకోండి. వేలు పోసి డబ్బా కొంటారు, హబ్ దగ్గర పిసినారితనం చేస్తారు. ప్రోగ్రామ్‌ను ఆపేది ఆ చవక హబ్బే, అదీ మంచి పాట మధ్యలో.

ఇప్పుడు ప్యాడ్ సంగతి. మన ఊళ్ళలో ఇంకా తిరుగుతా ఉండే రోలాండ్ ఎస్‌పీడీ-20కి యూఎస్‌బీ లేదు. ఐదు పిన్నుల గుండ్రటి మిడి సాకెట్లు ఉంటాయి. యూఎస్‌బీ లేదు కదా అని దాన్ని వచ్చిన రేటుకు అమ్మేస్తా ఉండారు. అమ్మొద్దండి! మిడి 1983 నాటి పద్ధతి. ఈ రోజుక్కూడా ఏ కంపెనీ వాయిద్యమైనా ఇంకో కంపెనీ వాయిద్యంతో దాని ద్వారానే మాట్లాడతా ఉంది. మిడి సాకెట్లు ఉండే ఇంటర్‌ఫేస్ కొనండి. ప్యాడ్ మిడి అవుట్ నుంచి డబ్బా మిడి ఇన్‌కు ఒక కేబుల్, అంతే. ఆ కేబుల్‌లో శబ్దం పోదు. ఏ గడి మీద కొట్టినారు, ఎంత బలంగా కొట్టినారు, 1 నుంచి 127 దాకా ఒక అంకె, అంత మాత్రమే పోతుంది. శబ్దం ట్యాబ్‌లో పుడుతుంది. ఏ శబ్దం పెట్టుకుంటే ఆ శబ్దం.

ఏ శబ్దం పెట్టుకుంటారు? నేను ఇక్కడికి వచ్చింది ఈ మాట అడగడానికే. మిగతాదంతా ఆ డబ్బాతో వచ్చే పుస్తకంలో ఉంటుంది.

తిరుచానూరులో ఒక రిసెప్షన్. పెళ్ళికొడుకు తాతది తాతయ్యగుంట దగ్గర ఇల్లు. ముందు వరసలో కుర్చీ వేయించుకుని గంగజాతర మేళం కొట్టమని స్టేజీకి చీటీ పంపించినాడు. మా ప్యాడ్ కుర్రోడు చేయి తిరిగినోడు. ప్యాడ్‌లో ఉండే శబ్దాల్లో కాస్త దగ్గరగా ఉండేది ఏరి కొట్టినాడు. దరువులో తప్పు లేదు. ముసలాయన కర్ర పట్టుకుని స్టేజీ దాకా వచ్చినాడు. "నాయనా, బిందె బోర్లించి కొట్టినట్టుండాది. పలక యాడరా?" అన్నాడు.

పలక అంటే మన తోలు డప్పే. పలకలోళ్ళు ఎక్కడికీ పోలేదు. అంతకుముందే పెళ్ళికొడుకును మండపం దాకా ఊరేగించుకుని వచ్చి, జనరేటర్ పక్కన పలకలు గోడకు ఆనించి కూర్చోనుండారు. పిలుచుకొస్తానని నేను దిగినాను. ఈవెంట్ చూసే పెద్దమనిషి అడ్డం పడినాడు. "వద్దు సార్, స్టేజీ డెకరేషన్ పాడవుతుంది, ఫొటోల్లో బాగుండదు" అన్నాడు. డెకరేషన్ ఏందయ్యా అంటే రెండు థర్మోకోల్ నెమళ్ళు. థర్మోకోల్ నెమలి స్టేజీ ఎక్కొచ్చు, పలక కొట్టే మనిషి ఎక్కకూడదు! గంగజాతరలో బైరాగి వేషం నాడు, మాతంగి వేషం నాడు ఇదే పలక వెనక ఊరంతా నడుస్తుంది. కోట్లు పెట్టి కట్టిన మండపంలో దానికి జనరేటర్ పక్కన చోటు.

కోపం వస్తుందండి. మీకు రాదా? నవ్వేవాళ్ళు నవ్వండి, ఆ రోజు నేను స్టేజీ మీద ఒక్క పాట సరిగా వాయించలేదు.

ఆ మేళంలో పెద్దాయన్ని తర్వాత మా రూముకు పిలుచుకొచ్చినాం. ఫ్యాన్ ఆపినాం. ఆయన పేపర్లకు నిప్పంటించి ఆ వేడికి పలక కాచి, వేలితో తట్టి చూసి, చాల్లేదని మళ్ళీ కాచినాడు. మూరెడు దూరంలో మామూలు డైనమిక్ మైకు పెట్టినాం, దానికి 48 వోల్టులు అక్కర్లేదు. ఆయన్ని అన్నిటికన్నా గట్టి దెబ్బ కొట్టమని, దానికి ఎర్ర లైటు వెలగకుండా గెయిన్ తగ్గించినాం. ఆ తర్వాత నడిమధ్య దెబ్బ, అంచు దెబ్బ, సన్నపుల్ల దెబ్బ. ఒక్కొక్కటీ మెల్లగా మొదలుపెట్టి గట్టి దాకా, రకానికి ఒకటి కాదు, నాలుగైదు. ఒకే దెబ్బ పెట్టుకుని వాల్యూమ్ పెంచితే అది గట్టి దెబ్బ కాదు, పెద్దగా వినపడే మెత్తని దెబ్బ. మెత్తని దెబ్బ చిన్న అంకెకు, గట్టి దెబ్బ పెద్ద అంకెకు, ట్యాబ్‌లో రికార్డు చేసిన శబ్దాలను వాయించే శాంప్లర్ యాప్‌లో ఇట్లా తగిలించుకోవాలి. ప్యాడ్ కుర్రోడు కొట్టినాడు. పెద్దాయన హెడ్‌ఫోన్లు పెట్టుకుని విని, కాసేపు నవ్వినాడు. నవ్వి, "సామీ, నా దెబ్బ ఇందులో పెట్టేసుకుంటిరి. ఇంక నన్నేంటికి పిలుస్తారు?" అన్నాడు.

జవాబు చెప్పండి. మీలో ఎవరన్నా చెప్పండి. అన్నా, మీరు సంఘానికి పెద్ద కదా, మీరు చెప్పండి.

నేను చెప్పింది ఇది. రికార్డింగ్‌కు ఆ పూట కూలి చేతిలో పెట్టాలి, టీ తాగించి పంపించడం కాదు. ఆ శబ్దం వాడే ప్రోగ్రామ్‌లో పాడే అమ్మాయి పేరు చెప్పినట్టే ఆయన పేరూ మైకులో చెప్పాలి. పార్టీతో రేటు మాట్లాడేటప్పుడు మొదటి అయిదు నిమిషాలు అసలు పలకలు స్టేజీ మీదే అని ముందే ఒప్పించుకోవాలి. పార్టీ ఒప్పుకోకపోతే? కొందరు ఒప్పుకుంటారు. ఆ కొందరితో మొదలుపెడదాం. నెట్‌లో దొరికే "ఇండియన్ డ్రమ్స్" శబ్దాలను డబ్బులిచ్చి కొంటా ఉండారు కదా, ఆ డబ్బులు ఇక్కడ ఇవ్వడానికి మనసెందుకు రాదు?

టైమ్ అయిందని చీటీ వచ్చింది. గబగబా రెండు మాటలు. బఫర్ అని ఒక సెట్టింగ్ ఉంటుంది, ఇందాక చెప్పిన కొలతల్ని ట్యాబ్ ఒక్కో విడతకు ఎన్ని పోగేసుకోవాలో చెప్పేది. 128 పెట్టుకుంటే శబ్దం అక్కడ ఆగేది మూడు మిల్లీసెకన్లు కూడా ఉండదు. 1024 పెడితే 21 దాటుతుంది, ప్యాడ్ వాయించేవాడికి చేతికి తెలిసిపోతుంది. 128లో చిటపటలు వస్తే 256కు పొండి, అది అయిదు మిల్లీసెకన్ల పైచిలుకు, పరవాలేదు. ప్రోగ్రామ్ ముందు ట్యాబ్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి, ముహూర్తం వేళ వాట్సాప్ టింగుమని మండపమంతా మోగకుండా.

సౌండ్ తమ్ముళ్ళూ, ఇది మీకు. ఛార్జర్ పెట్టగానే గుయ్యిమని హమ్ వస్తే మూడు పిన్నుల ప్లగ్‌లో ఎర్త్ పిన్ను విరిచేస్తా ఉండారు. హమ్ పోతుంది, దాంతోపాటు ప్రాణానికి ఉండే అడ్డు కూడా పోతుంది. తడి లాన్‌లో మైకు పట్టుకుని పాడేది మన ఆడపిల్లలు. హమ్ వస్తే ట్యాబ్, మిక్సర్ రెండూ ఒకే బోర్డు నుంచి కరెంటు తీసుకునేటట్టు చూడండి. అప్పటికీ పోకపోతే మధ్యలో డీఐ బాక్స్ అనే చిన్న డబ్బా పెట్టి, ఆడియో కేబుల్‌లో ఎర్త్ దారిని తెంచే దాని గ్రౌండ్ లిఫ్ట్ బటన్ నొక్కండి. ప్లగ్ జోలికి పోవద్దు.

ఇంక మాటలు చాలు, చేసి చూద్దాం. ఎస్‌పీడీ-20 తెచ్చిన తమ్ముడు ముందుకు రా. పలకల పెద్దాయన కూడా వచ్చినాడు, బయట టీ తాగతా ఉండాడు, ఎవరన్నా పోయి పిలుచుకొని రండి. కింద కాదబ్బా, స్టేజీ మీదికి. ఈ పూట ఆయన కూలి కమిటీయే ఇస్తుంది, ఆ మాట నేను నిన్ననే తీసుకున్నా.